చేతిలో ఫోన్ ఉండగా ఇంకో ఆటపెట్టె ఎందుకు?

ఈ ప్రశ్న పదిహేనేళ్ళ నుంచీ వినిపిస్తూనే ఉంది. అందరి జేబుల్లోనూ ఒక కంప్యూటర్ ఉంది. దానికి మంచి స్క్రీన్, ఎప్పుడూ తెగని ఇంటర్నెట్, లక్షల కొద్దీ గేమ్‌లు. వాటిలో ఎక్కువ భాగం ఉచితం. అలాంటప్పుడు కేవలం ఆడుకోవడానికే పనికొచ్చే ఇంకో యంత్రాన్ని డబ్బు పోసి కొని, విడిగా ఛార్జింగ్ పెట్టి, సంచిలో మోసుకు తిరిగేవాళ్ళు ఎంతమంది ఉంటారు?

2011లో ఈ మాట ప్రశ్నలా కాదు, తీర్పులా వినిపించింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో జపాన్‌లో నింటెండో 3డీఎస్ అనే హ్యాండ్‌హెల్డ్, అంటే చేత్తో పట్టుకుని ఆడే గేమ్ యంత్రం, వచ్చింది. ఆగస్టుకల్లా దాని ధరకు భారీగా కోత పెట్టాల్సి వచ్చింది. అమెరికాలో 250 డాలర్లకు అమ్మినదాన్ని 170కి దించారు. డిసెంబర్‌లో సోనీ నుంచి ప్లేస్టేషన్ వీటా వచ్చింది. ఓలెడ్ స్క్రీన్, బొటనవేళ్ళతో ఎటైనా తిప్పగలిగే రెండు అనలాగ్ స్టిక్‌లు, ఆనాటికి అబ్బురపరిచే గ్రాఫిక్స్. ఇన్ని ఉన్నా నిలదొక్కుకోలేదు. 2019లో ఉత్పత్తి ఆగిపోయింది. దాని స్థానంలో సొంతంగా గేమ్‌లు నడిపే హ్యాండ్‌హెల్డ్‌ను సోనీ మళ్ళీ తేలేదు. ఇక ఈ కథ ముగిసిందని రాసినవాళ్ళను తప్పుపట్టలేం.

తీరా చూస్తే 2017 మార్చి 3న వచ్చిన నింటెండో స్విచ్ 15 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. 2025 జూన్ 5న వచ్చిన స్విచ్ 2 మొదటి నాలుగు రోజుల్లోనే 35 లక్షలు దాటింది. ఈ రెండింటి మధ్యలో, స్టీమ్ అనే ఆన్‌లైన్ కొట్టులో కంప్యూటర్ గేమ్‌లు అమ్మే వాల్వ్ కంపెనీ స్టీమ్ డెక్ అనే హ్యాండ్‌హెల్డ్ తెచ్చింది. దాని వెనకాలే అసుస్, లెనోవో, ఎమ్మెస్సై బారులు తీరాయి. చివరికి మైక్రోసాఫ్ట్ కూడా అసుస్‌తో కలిసి ఎక్స్‌బాక్స్ పేరున్న హ్యాండ్‌హెల్డ్‌ను బజారులో పెట్టింది. పోయిందనుకున్న వస్తువు చుట్టూ ఇంత సందడి ఎలా వచ్చింది?

నాకు అర్థమైనంతలో, ఫోన్ హ్యాండ్‌హెల్డ్‌ను చంపలేదు. దాన్ని రెండు ముక్కలు చేసి ఒక ముక్క తీసేసుకుంది. మిగిలిన ముక్క పెరిగి పెరిగి, పాత పేరుతోనే పిలుస్తున్నా పూర్తిగా వేరే వస్తువైపోయింది. ఈ విడిపోవడం ఎలా జరిగిందో చూస్తే ముందేం జరగబోతోందో కూడా కొంత తెలుస్తుంది.

ఆ రెండు ముక్కల్లో ఒకటి కాలక్షేపం, రెండోది ఆట. ఈ రెండూ ఒకటి కావు. బస్సు వచ్చేలోగా, డాక్టర్ పిలిచేలోగా, నిద్ర పట్టేలోగా వేళ్ళకూ బుర్రకూ ఏదో ఒక పని కావాలి. అది కాలక్షేపం. ఇవాళ రాత్రి ఈ కోట దాటాలి, ఈ రాక్షసుణ్ణి ఓడించాలి అని కూర్చుని మనసు పెట్టేది ఆట. 1989లో నింటెండో హ్యాండ్‌హెల్డ్ గేమ్ బాయ్ వచ్చినప్పుడు ఈ రెంటికీ అదొక్కటే దిక్కు. దానితో పాటు అమెరికాలో ఇచ్చిన టెట్రిస్ రెండు పనులూ చేసిపెట్టేది. ఐదు నిమిషాలు ఆడినా సరే, ఐదు గంటలు ఆడినా సరే. పదిహేనేళ్ళ తర్వాత వచ్చిన నింటెండో డీఎస్ ఈ కాలక్షేపం వైపునే బాగా సాగదీసింది. కుక్కపిల్లల్ని పెంచే నింటెండాగ్స్, రోజూ లెక్కలు చేయించే బ్రెయిన్ ఏజ్ లాంటివి, అంతకు ముందు గేమ్ జోలికే వెళ్ళని అమ్మల్నీ తాతల్నీ కూడా కన్సోల్, అంటే గేమ్‌ల కోసమే చేసిన యంత్రం, కొనేలా చేశాయి. డీఎస్ 15 కోట్ల 40 లక్షలు అమ్ముడైంది.

2008 జులైలో యాపిల్ యాప్ స్టోర్ తెరిచింది. మొదటి రోజున అందులో ఉన్నవి 500 యాప్‌లు. మరుసటి ఏడాది ఉచిత యాప్‌ల లోపల కూడా డబ్బు వసూలు చేసుకునే వీలు కల్పించారు. అదే ఏడాది డిసెంబర్‌లో యాంగ్రీ బర్డ్స్ వచ్చింది. డీఎస్ కొన్న తాతకి కావలసింది ఏమిటి? రోజుకో పావుగంట సరదా. అది ఇప్పుడు ఆయన జేబులో ఎలాగూ ఉన్న వస్తువులోనే, రూపాయి ఖర్చు లేకుండా దొరుకుతోంది. ఆయన మళ్ళీ కన్సోల్ కొట్టు వైపు చూడలేదు. 3డీఎస్ మొత్తం మీద అమ్ముడైంది 7 కోట్ల 60 లక్షలకు కాస్త తక్కువ. డీఎస్‌లో సగం. ఆ తగ్గిన సగంలో పెద్ద భాగం ఈ కాలక్షేపం జనమేనని నా నమ్మకం. వాళ్ళు ఇక వెనక్కి రారు, రావలసిన అవసరమూ లేదు. ఫోన్ వాళ్ళకు అన్యాయం చేయలేదు. నిజానికి ఫోన్ మీద పుట్టిన మంచి గేమ్‌లు ఎన్నో ఉన్నాయి. వేలితో కట్టడాన్ని తిప్పుతూ దారి కనిపెట్టే మాన్యుమెంట్ వ్యాలీ, మనిషిని వీధుల్లోకి నడిపించిన పోకెమాన్ గో వేరే ఏ యంత్రం మీదా అంత సహజంగా ఉండేవి కావు. ఈ రోజు ప్రపంచంలో గేమ్‌ల మీద జనం పెట్టే ఖర్చులో ఇంచుమించు సగం ఫోన్ గేమ్‌ల మీదే.

మిగతా సగం సంగతి ఏమిటి? ఆట కోసమే కూర్చునేవాళ్ళు ఫోన్‌కి ఎందుకు మారలేదు? ఇక్కడే విషయం చిక్కుపడుతుంది. దీనికి మూడు కారణాలు కనిపిస్తాయి. వేళ్ళు, వేడి, డబ్బు. మామూలుగా జనం మొదటిదాన్నే చెప్తారు. నిర్ణయించేది మాత్రం మూడోది.

ముందు వేళ్ళ సంగతే చూద్దాం. 1982లో నింటెండో ఇంజినీర్ గున్‌పే యోకోయ్, గేమ్ అండ్ వాచ్ అనే బుల్లి యంత్రం మీద ఒక ప్లస్ గుర్తు ఆకారపు బటన్ పెట్టాడు. ఇవాళ్టికీ దాదాపు ప్రతి కంట్రోలర్ మీదా ఎడమ బొటనవేలి కింద ఉండేది ఆ ప్లస్సే. దాన్ని ఒక్కసారి ముట్టుకుని చూస్తే అందులో ఎంత ఆలోచన ఉందో తెలుస్తుంది. మధ్యలో చిన్న గుంట. బొటనవేలు అందులో కూర్చుంటుంది. ఏ వైపు ఒరిగిందో చూడకుండానే తెలుస్తుంది, ఎందుకంటే ఒక వైపు నొక్కితే ఎదుటి వైపు పైకి లేచి వేలికి తగులుతుంది. కళ్ళకి ఇక చెయ్యితో పని లేదు. అవి తెర మీదే ఉంటాయి.

ఇప్పుడు అదే గేమ్‌ను ఫోన్ అద్దం మీద ఆడండి. ఎడమ మూలన ఒక వలయం బొమ్మ, కుడి మూలన నాలుగు చుక్కల బొమ్మలు. మొదటి నిమిషం బాగానే ఉంటుంది. మెల్లగా బొటనవేలు రెండు మిల్లీమీటర్లు పక్కకి జారుతుంది. అద్దం నునుపు, అడ్డుకునేది ఏదీ లేదు. జారిన సంగతి వేలికి తెలియదు. గెంతాల్సిన పాత్ర గెంతకుండా గోతిలో పడ్డాక మీకు తెలుస్తుంది. అప్పుడు కళ్ళు కిందికి దించి వేలిని సర్దుకోవాలి. ఈలోగా పైన ఇంకేదో మీద పడుతుంది. గెంతే గేమ్‌లలో బటన్ ఎంతసేపు నొక్కి పట్టుకుంటే అంత ఎత్తు, ముందే వదిలేస్తే చిన్న గెంతు. ఈ తేడాని వేలు బటన్ ఒత్తిడి నుంచి నేర్చుకుంటుంది. అద్దానికి ఒత్తిడి లేదు, తాకడం, తాకకపోవడం అంతే. పైగా ఏ తెరని చూడాలో ఆ తెరనే రెండు బొటనవేళ్ళు కప్పేస్తాయి.

దీనికి విరుగుడు ఉంది కదా అంటారు. ఉంది. ఫోన్‌కి రెండు వైపులా బిగించుకునే కంట్రోలర్లు దొరుకుతున్నాయి, వాటిలో కొన్ని చాలా బాగున్నాయి కూడా. ఆ మాటకొస్తే బటన్లున్న ఫోన్లే వచ్చాయి. 2003లో నోకియా ఎన్-గేజ్ తెచ్చింది. అందులో గేమ్ కార్డు మార్చాలంటే వెనక మూత తీసి, బ్యాటరీ కూడా బయటికి లాగాలి. 2011లో సోనీ ఎరిక్సన్ తెచ్చిన ఎక్స్‌పీరియా ప్లేలో తెరను పక్కకి జరిపితే కింద గేమ్‌ప్యాడ్ బయటపడేది. ఏదీ నిలవలేదు. కారణం వస్తువు మంచిచెడ్డల్లో లేదు. గేమ్ తయారుచేసేవాళ్ళు వంద మంది ఫోన్ వాడకందార్లను చూసినప్పుడు, వాళ్ళలో ఎంతమంది దగ్గర కంట్రోలర్ ఉందో వాళ్ళకి తెలియదు. అందుకని ఎవరి దగ్గరైనా ఉండేదాన్ని, అంటే ఒట్టి అద్దాన్ని దృష్టిలో పెట్టుకునే గేమ్ గీస్తారు. అద్దం కోసం గీసిన గేమ్‌కి కంట్రోలర్ కొనాల్సిన అవసరం ఎవరికీ ఉండదు. కాబట్టి ఎవరూ కొనరు. స్విచ్ కొన్న ప్రతివాడి చేతిలో కచ్చితంగా బటన్లు ఉంటాయి. గేమ్ గీసేవాడికి ఆ భరోసా చాలా విలువైనది.

రెండోది వేడి. దీన్ని చాలామంది పట్టించుకోరు గానీ ఒక చిన్న లెక్క వేస్తే బోధపడుతుంది. ఇవాళ్టి ఖరీదైన ఫోన్‌లో ఉన్న చిప్, కొద్ది నిమిషాల పాటు చూస్తే, చాలా హ్యాండ్‌హెల్డ్‌లకు తీసిపోదు. కానీ ఆ ఫోన్ మందం ఎనిమిది మిల్లీమీటర్లు. లోపల గాలి ఆడదు, ఫ్యాన్ లేదు. చేతికి కాలకుండా ఉండాలంటే అది ఎడతెగకుండా ఖర్చు చేయగలిగిన శక్తి నాలుగైదు వాట్లకు మించదు. అది దాటితే చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. భారీ గేమ్ మొదలైన పది, పదిహేను నిమిషాలకు బొమ్మ తడబడటం మొదలయ్యేది అందుకే. స్టీమ్ డెక్‌లోని ప్రాసెసర్ ఒక్కటే 15 వాట్ల దాకా తీసుకుంటుంది. అందుకు తగ్గ ఫ్యాన్, గాలి పోయే కంతలు, లావైన ఒళ్ళు దానికి ఉన్నాయి. స్విచ్‌లోనూ చిన్న ఫ్యాన్ ఉంది.

అయితే శక్తి ఊరికే రాదు. మొదటి స్టీమ్ డెక్ బ్యాటరీ 40 వాట్-అవర్లు. స్క్రీన్, ఫ్యాన్, వైఫై అన్నీ కలిపి 20 వాట్లు తాగితే రెండు గంటల్లో ఖాళీ. రెండు నుంచి ఎనిమిది గంటలని కంపెనీ చెప్పిన లెక్కలో ఆ రెండు వచ్చింది ఇక్కడి నుంచే. ఫోన్‌లో ఇదే బ్యాటరీ ఖాళీ అయితే కథ వేరు. గేమ్ ఆడి ఆడి ఫోన్ ఆరిపోతే ఇంటికి ఫోన్ చేయలేం, టికెట్ చూపించలేం, దారి వెతుక్కోలేం. అందుకే ఫోన్ మీద ఆడేవాళ్ళ మనసులో ఒక మూల ఎప్పుడూ బ్యాటరీ శాతం తిరుగుతూ ఉంటుంది. కన్సోల్ ఆరిపోతే ఆరిపోయింది, ఆట మాత్రమే ఆగుతుంది.

ఈ బ్యాటరీ పోరు కొత్తది కాదు. 1990లో సెగా కంపెనీ తెచ్చిన గేమ్ గేర్‌కి రంగుల తెర ఉండేది, వెనక నుంచి వెలుగు ఉండేది. ఆరు ఏఏ బ్యాటరీలు వేస్తే మూడు నుంచి ఐదు గంటలు నడిచేది. గేమ్ బాయ్‌కి వెలుగే లేదు, ఆకుపచ్చ మీద నాలుగు ఛాయలు అంతే. నాలుగు బ్యాటరీలతో పదిహేను గంటలకు అటూ ఇటూ నడిచేది. గెలిచింది గేమ్ బాయే. రంగుల గేమ్ బాయ్‌తో కలిపి దాదాపు 11 కోట్ల 90 లక్షలు. అందులోనూ యోకోయ్ ఆలోచనే ఉంది. అప్పుడే పుట్టిన ఖరీదైన టెక్నాలజీ వెంట పరుగెత్తొద్దు, అందరూ వాడి వాడి చవకబడిన, లోతుపాతులన్నీ తెలిసిన టెక్నాలజీని తీసుకుని దాంతో ఎవరూ ఊహించని పని చేయించాలనేవాడు ఆయన. స్విచ్‌లో వాడిన ఎన్‌విడియా టెగ్రా ఎక్స్1 కూడా 2015 నాటి చిప్పే. తర్వాతి ఏళ్ళలో ఫోన్లు దాన్ని ఎక్కడికో దాటిపోయినా స్విచ్ అమ్మకాలకు గండి పడలేదు. శక్తిలో పోటీ పడి ఫోన్ గెలిచింది, నిజమే. ఆ పోటీతో కొనేవాళ్ళకి పని లేదు.

ఇక డబ్బు. ఫోన్ చిప్‌కి సత్తువ ఉంది, కంట్రోలర్లూ ఉన్నాయి అనుకుందాం. అయినా పెద్ద గేమ్‌లు ఫోన్‌కి వరదలా రాలేదు. 2023లో ఐఫోన్ 15 ప్రో మీద రెసిడెంట్ ఈవిల్ విలేజ్ నడిపించి చూపించారు. కన్సోల్‌లో ఆడే అదే గేమ్, చేతిలో ఫోన్ మీద. సాంకేతికంగా అది గొప్ప విషయమే. కానీ ఆ తర్వాత ఆ దారిలో నడిచినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. అదే గెన్షిన్ ఇంపాక్ట్‌ని చూడండి. 2020లో ఒకే రోజున కంప్యూటర్ మీదా, ప్లేస్టేషన్ మీదా, ఫోన్ మీదా వచ్చింది. అంత విశాలమైన లోకాన్ని ఫోన్ మొయ్యగలిగింది. తేడా ఎక్కడుందంటే, రెసిడెంట్ ఈవిల్‌ని ముందు డబ్బిచ్చి కొనాలి. గెన్షిన్ ఉచితం. లోపల పాత్రల కోసం లాటరీ లాంటి లాగుడు ఉంటుంది, డబ్బు అక్కడ వస్తుంది.

ఫోన్‌లో గేమ్‌కి ముందుగా డబ్బు కట్టే అలవాటు జనానికి లేదు. ఈ సంగతి నింటెండో చేతులు కాల్చుకుని తెలుసుకుంది. 2016 డిసెంబర్‌లో సూపర్ మారియో రన్ వచ్చింది. డౌన్‌లోడ్ ఉచితం, మొదటి కొన్ని అంకాలు ఉచితం, ఆపైన ఒకే ఒక్కసారి 10 డాలర్లు కడితే మొత్తం మీదే. ఇంకెక్కడా వసూళ్ళు లేవు. ఇంతకంటే నిజాయితీ గల బేరం ఉండదు. దించుకున్నవాళ్ళు 20 కోట్లు దాటారు. అయినా ఆశించినంత లాభం రాలేదని నింటెండోనే ఒప్పుకుంది. కొద్ది నెలల తర్వాత అదే కంపెనీ ఫోన్ మీద తెచ్చిన ఫైర్ ఎంబ్లెమ్ హీరోస్ మాత్రం లాగుడు పద్ధతిలో నడిచి డబ్బు బాగా సంపాదించింది. ఏ తయారీదారైనా ఇందులోంచి నేర్చుకునే పాఠం ఏమిటో చెప్పక్కర్లేదు.

డబ్బు వచ్చే దారి మారితే గేమ్ స్వభావమే మారుతుంది. ముందే డబ్బు తీసుకున్న గేమ్‌కి మీరు దాన్ని పూర్తి చేసి తృప్తిగా మూసేస్తే చాలు. ఉచిత గేమ్‌కి మీరు ఎప్పటికీ పూర్తి చేయకూడదు. రోజూ రావాలి, రాకపోతే ఏదో పోగొట్టుకున్నట్టు అనిపించాలి, ఎక్కడో ఒకచోట ఓపిక నశించి కార్డు బయటికి తీయాలి. దీన్ని తయారుచేసేవాళ్ళు దుర్మార్గులని నేననను, లెక్క అలా ఉంది. కానీ మొదలూ చివరా ఉన్న గేమ్ ఆడాలనుకునేవాడికి ఫోన్ స్టోర్‌లో చోటు తక్కువ. హ్యాండ్‌హెల్డ్ ఈ రోజుకీ బతికుండడానికి అసలు కారణం ఇదేనంటాను. అక్కడ గేమ్‌కి 40, 60 డాలర్లు పెట్టి కొనే జనం ఇంకా ఉన్నారు. యంత్రం కొన్నప్పుడే వాళ్ళు ఆ ఒప్పందానికి సిద్ధపడి వచ్చారు. తయారీ కంపెనీ యంత్రం మీద తక్కువ లాభం చూసుకుని, గేమ్‌ల అమ్మకాల్లో వాటా తీసుకుంటుంది. స్టీమ్ డెక్‌ను 399 డాలర్ల నుంచి మొదలుపెట్టడం తమకు బాధ కలిగించిన నిర్ణయమని వాల్వ్ అధినేత గేబ్ న్యూవెల్ అప్పట్లో అన్నారు. ఆ బాధ భరించింది స్టీమ్‌లో గేమ్‌లు అమ్ముడవుతాయనే ధీమాతోనే.

ఇంతవరకూ హ్యాండ్‌హెల్డ్ ఎందుకు మిగిలిందో చూశాం. కానీ మిగిలింది ఏమిటి? నిజాయితీగా చూస్తే అది గేమ్ బాయ్‌కి వారసుడు కాదు.

గేమ్ బాయ్ నుంచి 3డీఎస్ దాకా హ్యాండ్‌హెల్డ్‌కి సొంత లోకం ఉండేది. టీవీ ముందు ఆడే గేమ్‌లు వేరు, చేతిలో ఆడే గేమ్‌లు వేరు. చిన్న తెరకు తగ్గట్టు, కొద్ది సమయానికి తగ్గట్టు, చిన్న బృందాలు, చిన్న ఖర్చుతో చేసేవి. హెచ్‌డీ గ్రాఫిక్స్ వచ్చాక గేమ్ తయారీ ఖర్చు కొండెక్కింది. ఒకే కంపెనీ టీవీకి ఒకటి, చేతికి ఒకటి అని రెండు లోకాలను పోషించడం తలకు మించిన భారమైంది. నింటెండో 2013లోనే ఇంటి కన్సోల్ విభాగాన్నీ, హ్యాండ్‌హెల్డ్ విభాగాన్నీ కలిపేసింది. టీవీ కన్సోల్‌గా తెచ్చిన వీ యూ చివరికి కోటీ 35 లక్షల దగ్గర ఆగిపోయింది. రెండు పడవల మీద కాళ్ళు పెట్టడం మానుకుని ఒకే పడవ కట్టారు. దానిపేరే స్విచ్. టీవీకి తగిలిస్తే ఇంటి కన్సోల్, పీకి చేత పట్టుకుంటే హ్యాండ్‌హెల్డ్, రెంటికీ గేమ్‌లు ఒక్కటే. వీటా చచ్చిందీ ఈ సమస్యతోనే. సోనీ సొంత స్టూడియోలు టీవీ కన్సోల్ పీఎస్4 (ప్లేస్టేషన్ 4) వైపు మళ్ళిపోయాయి. వీటాకు ముందు సోనీ తెచ్చిన హ్యాండ్‌హెల్డ్ పీఎస్‌పీని జపాన్‌లో నిలబెట్టిన మాన్‌స్టర్ హంటర్ గేమ్ 3డీఎస్‌కి వెళ్ళిపోయింది. పైగా వీటాకే పనికొచ్చే ఖరీదైన మెమరీ కార్డు కొనాల్సి రావడం. ఫోన్ పోటీ లేకపోయినా వీటా కష్టపడేదే.

స్టీమ్ డెక్ ఈ ఆలోచనని ఇంకో మెట్టు ఎక్కించింది. దానికి సొంత గేమ్ ఒక్కటి కూడా లేదు. కంప్యూటర్‌లో మీరు ఏళ్ళ తరబడి కొని పెట్టుకున్నవే అందులో తెరుచుకుంటాయి. విండోస్ కోసం రాసిన గేమ్‌లను, ఈ యంత్రంలో ఉండే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిపించే ప్రోటాన్ అనే దుబాసీ దాని ఆయువుపట్టు. 2023లో వచ్చిన ప్లేస్టేషన్ పోర్టల్ అయితే గేమ్‌ను తనలో నడపనే నడపదు. మొదట్లో, ఇంట్లో ఉన్న పీఎస్5 నడిపితే ఆ బొమ్మను వైఫై మీద తెచ్చి చూపించేది, అంతే. అలాంటిది కూడా కొనేవాళ్ళు దొరికారు.

అంటే హ్యాండ్‌హెల్డ్ ఇప్పుడు విడి లోకం కాదు, పెద్ద లోకంలోకి తెరుచుకునే కిటికీ. కిటికీ పెద్దదయ్యే కొద్దీ బాగుంటుంది, అందుకే ఇవి జేబులు దాటిపోయాయి. మొదటి స్టీమ్ డెక్ బరువు 669 గ్రాములు, అంటే మూడు ఫోన్ల బరువు. స్విచ్ 2 తెర దాదాపు 8 అంగుళాలు. వీటిని ఎక్కువమంది వాడేది ప్రయాణాల్లో కన్నా మంచం మీద, సోఫాలో, ఇంట్లో వేరేవాళ్ళు టీవీ చూస్తున్నప్పుడు. జేబు ఫోన్‌ది. ఒళ్ళో చోటు మాత్రం ఇంకా ఖాళీగా ఉండింది.

ఈ ఒళ్ళో ఆటకి ప్రాణం పోసింది, ప్రకటనల్లో ఎవరూ పెద్దగా చెప్పని ఒక చిన్న బటన్. పైన ఉన్న పవర్ బటన్ నొక్కితే తెర నల్లబడుతుంది. కత్తి గాల్లో సగం తిరిగి ఉన్నప్పుడు నొక్కినా ఫరవాలేదు. పిల్లాడు ఏడ్చాడని లేచి వెళ్ళి, మర్నాడు రాత్రి వచ్చి మళ్ళీ నొక్కితే కత్తి ఆ సగం నుంచే కదులుతుంది. ఫోన్‌లో ఒక కాల్ వచ్చి, రెండు మెసేజ్‌లు చూసి, మ్యాప్ తెరిచి వెనక్కి వెళ్తే, మెమరీ చాలక సిస్టమ్ ఈలోగా గేమ్‌ను మూసేసి ఉండొచ్చు. మొదటి నుంచి లోడ్ అవుతుంది. పెళ్ళయి, పిల్లలు పుట్టి, ఇక గేమ్‌లు మన వల్ల కాదనుకున్నవాళ్ళను మళ్ళీ ఆటలోకి తెచ్చింది ఆ సగం తిరిగిన కత్తే అని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ మార్పులో నష్టపోయింది పిల్లలు. ఇది నన్ను బాధించే విషయం. గేమ్ బాయ్ అమెరికాలో 90 డాలర్లకు, అందులో గేమ్‌తో సహా వచ్చింది. 2013లో నింటెండో 2డీఎస్ అని ఒకటి తెచ్చింది. మడత లేదు, త్రీడీ లేదు, కిందపడినా విరగని ఒకే పలక, 130 డాలర్లు. చూడటానికి బండగా ఉండేది గానీ ఐదారేళ్ళ పిల్లల చేతికి ధైర్యంగా ఇవ్వగలిగిన వస్తువు అది. స్విచ్ 2 అమెరికాలో 450 డాలర్లకు వచ్చింది. ఎక్స్‌బాక్స్ పేరున్న అసుస్ యంత్రాల్లో పైరకం 1,000 డాలర్లకు వచ్చింది. దీనికి తోడు 2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల ధరలు విపరీతంగా పెరిగాయి. ఏఐ డేటా సెంటర్లు వాటిని టోకున ఎగరేసుకుపోతున్నాయి. హ్యాండ్‌హెల్డ్ తయారీలో మెమరీ పెద్ద ఖర్చు. కాబట్టి చవక యంత్రం త్వరలో వస్తుందనే ఆశ నాకు తక్కువ. కింది మెట్టు ఖాళీ అయింది. ఆ మెట్టు మీద ఉండాల్సిన పిల్లవాడు పాత ఫోన్‌లో ఉచిత గేమ్ ఆడుతున్నాడు, ప్రకటనలు చూస్తూ.

ఆ ఖాళీలోకి కొన్ని చిన్న కంపెనీలు వచ్చాయి. ఆన్‌బర్నిక్, మియూ లాంటి చైనా బ్రాండ్లు జేబులో పట్టే, పాతకాలపు గేమ్‌లు నడిపే యంత్రాలను చవకగా అమ్ముతున్నాయి. ప్యానిక్ అనే సంస్థ 2022లో ప్లేడేట్ తెచ్చింది. అరచేతిలో పట్టే పసుప్పచ్చని చతురస్రం, నలుపు తెలుపు తెర, పక్కన తిప్పడానికి ఒక చిన్న పిడి. ఆ పిడిని తిప్పుతూ ఆడే గేమ్‌లు దానికోసమే పుట్టాయి. హ్యాండ్‌హెల్డ్‌కి సొంత లోకం ఉండొచ్చని ఇంకా నమ్మేవాళ్ళు ఉన్నారనడానికి అదొక ఆనవాలు. కోట్లలో అమ్ముడయ్యేది కాదు, అయినా నాకు ఇష్టం.

గేమ్ దూరంగా ఉన్న సర్వర్‌లో నడిచి బొమ్మ మాత్రం ఇంటర్నెట్ మీద మన తెరకు వచ్చే క్లౌడ్ గేమింగ్ వస్తే ఈ యంత్రాలన్నీ అక్కర్లేదు కదా అని అడుగుతుంటారు. గూగుల్ స్టేడియా ఆ మాటే చెప్పి 2023 జనవరిలో మూతపడింది. సెకనుకి 60 బొమ్మలు వచ్చే గేమ్‌లో ఒక్కో బొమ్మకి దక్కేది 16 మిల్లీసెకన్ల పైచిలుకు. మీరు బటన్ నొక్కిన సంగతి ఎక్కడో ఉన్న సర్వర్‌కి వెళ్ళి, బొమ్మ తయారై వెనక్కి రావాలంటే దూరం ఆ లెక్కను తినేస్తుంది. నింపాదిగా ఆడే గేమ్‌లకు అది చాలు. తోడుగా పనికొస్తుంది, పునాదిగా నిలవదు.

నేను ఎక్కువ శ్రద్ధగా చూస్తున్నది ఇంకోటి ఉంది. 2025 నవంబర్‌లో వాల్వ్ ప్రకటించిన స్టీమ్ ఫ్రేమ్ అనే, కళ్ళకు తగిలించుకునే వీఆర్ హెడ్‌సెట్‌లో ఉన్నది ఫోన్లలో వాడే స్నాప్‌డ్రాగన్ చిప్. కంప్యూటర్ ప్రాసెసర్ల కోసం రాసిన గేమ్‌లను ఈ ఫోన్ తరహా చిప్ మీద నడిపించడానికి ఎఫ్‌ఈఎక్స్ అనే అనువాద పొరను వాడుతున్నారు. ఇది బాగా కుదిరితే హ్యాండ్‌హెల్డ్‌లు పలచబడతాయి, చల్లబడతాయి, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. అదే పొర ఫోన్‌లోనూ పని చేస్తుంది. మీరు కొనుక్కున్న కంప్యూటర్ గేమ్‌లు రేపు ఫోన్‌లోనే తెరుచుకోవచ్చు. అప్పుడు నేను చెప్పిన మూడు కారణాల్లో డబ్బు సంగతి బలహీనపడుతుంది, ఎందుకంటే గేమ్‌కి డబ్బు ఇంకోచోట ముందే కట్టేశారు. వేడి కొంత తగ్గుతుంది. వేళ్ళు మిగులుతాయి. 2024 ఏప్రిల్‌లో యాపిల్ తన స్టోర్‌లోకి పాత కన్సోళ్ళ గేమ్‌లను నడిపించే ఎమ్యులేటర్ యాప్‌లను అనుమతించాక ఐఫోన్‌కి కంట్రోలర్ తగిలించుకునేవాళ్ళు నాకు ఎక్కువగా కనబడుతున్నారు. ఫోన్ నుంచి హ్యాండ్‌హెల్డ్‌కి అసలు ముప్పు 2011లో రాలేదు, వస్తే ఈ దారిన వస్తుంది.

ఇంతా చెప్పి, ఒక విషయం వదిలేస్తే ఈ వ్యాసం సగమే అవుతుంది. కొన్న గేమ్ ఎంతకాలం మనది? 2017లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 11 వచ్చినప్పుడు, పాత తరం ప్రాసెసర్ల కోసం రాసిన 32-బిట్ యాప్‌లు తెరుచుకోవడం మానేశాయి. తయారీదారులు తిరగరాయని గేమ్‌లు వేల సంఖ్యలో ఒక్క అప్‌డేట్‌తో చచ్చిపోయాయి. ఫోన్ గేమింగ్‌కి ఒకప్పుడు గర్వకారణంగా చెప్పుకున్న ఇన్ఫినిటీ బ్లేడ్ మూడు భాగాలనూ 2018లో స్టోర్ నుంచి తీసేశారు. కన్సోళ్ళు ఈ విషయంలో మెరుగేనని చాలాకాలం అనుకున్నాం. 2023 మార్చి 27న 3డీఎస్ ఆన్‌లైన్ స్టోర్‌లో అమ్మకాలు ఆగిపోయాయి. డిజిటల్‌గా మాత్రమే దొరికిన గేమ్‌లను కొత్తగా కొనే దారి ఆ రోజుతో మూసుకుపోయింది.

ఇప్పటికీ బాగున్న గేమ్ బాయ్ ఒకటి దొరికితే, వెనక నాలుగు ఏఏ బ్యాటరీలు వేసి, టెట్రిస్ క్యాట్రిడ్జ్ దించి, పై అంచున ఉన్న మీటను జరపండి. పై నుంచి కంపెనీ పేరు మెల్లగా కిందికి జారుతుంది, రెండు స్వరాల టింగుమనే చప్పుడు వస్తుంది, ఆట మొదలవుతుంది. 1989లో చేసిన వస్తువు. అది ఎవరి అనుమతీ అడగదు, ఎవరితోనూ మాట్లాడదు. స్విచ్ 2కి కొట్లో అమ్మే కొన్ని గేమ్‌లు గేమ్-కీ కార్డుల రూపంలో వస్తున్నాయి. పెట్టె అదే, పెట్టె మీద బొమ్మ అదే, లోపల కార్డు కూడా ఉంటుంది. ఆ కార్డులో గేమ్ ఉండదు, తాళంచెవి ఉంటుంది. యంత్రంలో పెడితే గేమ్ ఇంటర్నెట్ నుంచి దిగాలి. ఆ కార్డును ఇంకో 36 ఏళ్ళ తర్వాత ఎవరైనా తీసి పెడితే తెర మీద ఏం వస్తుందన్నది కార్డులో లేదు, అప్పటికి ఉంటుందో లేదో తెలియని ఒక సర్వర్‌లో ఉంది.